అల్పాయుష్షు చేపలు: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన సంచికలో టర్కాయిస్ కిల్లీఫిష్ అనే ఆఫ్రికా చేప గురించి నాలుగు మాటలు రాశాను. వానకు పుట్టి కొన్ని నెలల్లోనే ముసలిదై పోతుందని, అందుకే ముసలితనం మీద పరిశోధన చేసేవాళ్లు దాన్ని ల్యాబుల్లో పెంచుతున్నారని. ఆ నాలుగు మాటలకే చాలా ఉత్తరాలు వచ్చాయి, అందులో మంచి ప్రశ్నలున్నాయి. వాటికోసం ఈసారి పేజీ మొత్తం ఈ చేపలకే ఇచ్చేశాను.

ఆ చేప నిజంగా ముసలిదై చనిపోతుందా, లేక గుంటలో నీళ్లు ఎండిపోయి చనిపోతుందా? నీళ్లు లేక చస్తే దాన్ని ముసలితనం అని ఎలా అంటారు?
– డిగ్రీ విద్యార్థిని, కాకినాడ

అసలు ప్రశ్న ఇదే. దీనికి జవాబు దొరికాకే ఈ చేపకు ఇంత పేరొచ్చింది.

దీని శాస్త్రీయ నామం నొథోబ్రాంకియస్ ఫర్జెరి. జింబాబ్వే ఆగ్నేయ మూలన ఉన్న గొనారెఝౌ నేషనల్ పార్కులోనూ, సరిహద్దుకు అవతల మొజాంబిక్‌లోనూ వానాకాలంలో నిండి ఆ తర్వాత ఎండిపోయే గుంటల్లో ఉంటుంది. మగ చేప ఐదారు సెంటీమీటర్లకు మించదు గానీ నీలం, ఆకుపచ్చ కలిసిన మెరుపుతో, ఎర్రటి తోకతో (కొన్నిటికి పసుపు తోక) చూడటానికి రెండు కళ్లూ చాలవు. ఆడ చేప బూడిద రంగులో సాదాగా ఉంటుంది. 1971లోనే దీనికి పేరు పెట్టినా చాలాకాలం పాటు ఇది అక్వేరియం పిచ్చి ఉన్నవాళ్లు ముచ్చటపడి పెంచుకునే చేపగానే ఉండిపోయింది.

2003లో ఇటలీకి చెందిన స్టెఫానో వాల్డెసాలిచి, అలెస్సాండ్రో చెల్లెరినో మీకు వచ్చిన అనుమానాన్నే పరీక్షకు పెట్టారు. గొనారెఝౌ నుంచి వచ్చిన చేపల సంతతిని తొట్టెల్లో పెంచారు. నీళ్లకు లోటు లేదు, తిండికి లోటు లేదు, కొంగల భయం లేదు. అయినా సరే పన్నెండు వారాలు తిరిగేసరికి అన్నీ పోయాయి. అంటే గుంట ఎండకపోయినా చేప ఆగదు, దాని గడువు ఒంట్లోనే ఉంది.

పోయిన తీరు కూడా చూడాలి. ఉన్నట్టుండి ఏదో జబ్బు తగిలి పోలేదు. మగవాటి రంగు వెలిసిపోతుంది, ఒళ్లు చిక్కిపోతుంది, వెన్ను వంగుతుంది, ఈత మందగిస్తుంది, గుడ్లు తగ్గుతాయి. కొత్త విషయం నేర్చుకునే శక్తి తగ్గుతుంది, తెగిన రెక్క మునుపటంత బాగా మళ్లీ మొలవదు. కణాల్లో లిపోఫసిన్ అనే మురికి పేరుకుంటుంది, మన ముసలి కణాల్లో పేరుకునేది కూడా ఇదే. కాలేయంలో గడ్డలు వస్తాయి, మెదడులో నాడీకణాలు దెబ్బతింటాయి. మనిషికి డెబ్భై ఎనభై ఏళ్లలో జరిగేదంతా వారాల్లో జరిగిపోతుందన్నమాట.

పన్నెండు వారాలు అనేదాన్ని మాత్రం రాతి మీద గీతలా తీసుకోకండి. అదే సంతతి కొన్ని ల్యాబుల్లో నాలుగు నుంచి ఆరు నెలల దాకా కూడా బతుకుతోంది. తిండి ఎంత పెడుతున్నారు, ఒక తొట్టెలో ఎన్ని చేపలున్నాయి, నీళ్ల వేడి ఎంత అన్నవాటి మీద ఈ లెక్క చాలా మారుతుంది. మొజాంబిక్‌లో తడి ఎక్కువున్న చోట్ల నుంచి తెచ్చినవి ఇంకా ఎక్కువే బతుకుతాయి. ఆ తేడా వెనక చాలా కథ ఉంది, కింది జవాబులో చెప్తాను.

ప్రకృతి ఒక ప్రాణికి ఇంత తక్కువ ఆయుష్షు ఎందుకిచ్చింది? పాతవి పోతేనే కొత్తవాటికి చోటు దొరుకుతుందనా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, వరంగల్

చోటు కోసం అన్న జవాబు చాలామంది చెప్తారు, బళ్లో కూడా విన్నాం. వినడానికి బాగుంటుంది గానీ అది నిలవదు. ఎందుకంటే మిగతావాళ్ల కోసం ముందుగా తప్పుకునే చేప పెట్టే గుడ్ల కంటే, తప్పుకోకుండా ఇంకో వారం బతికిన చేప పెట్టే గుడ్లే ఎక్కువ. రెండు మూడు వందల తరాలు గడిచేసరికి త్యాగం చేసే చేపల వంశం ఆనవాలు కూడా ఉండదు.

దీనికి మంచి జవాబు 1950ల మొదట్లో బ్రిటన్ జీవశాస్త్రవేత్త పీటర్ మెడావర్ నుంచి వచ్చింది. దాన్ని ఈ చేపకు అన్వయించి చెప్తాను. గుంటలో నీళ్లు రెండు మూడు నెలలే ఉంటాయనుకోండి. రెండో వారంలో చేపను దెబ్బతీసే జన్యు లోపం ఏదైనా ఉంటే, ఆ చేప గుడ్లు పెట్టకుండానే పోతుంది, లోపం కూడా దానితోపాటే పోతుంది. అదే లోపం ఐదో నెలలో బయటపడేదైతే? ఐదో నెల చూసే చేపే అక్కడ లేదు. కాబట్టి ఆ లోపాన్ని ఏరిపారేసేది ఏదీ లేదు, తరం నుంచి తరానికి అలా దిగిపోతూనే ఉంటుంది. ఇలాంటివి వేల తరాల పాటు పోగుపడితే, ఎప్పుడైనా ఒక చేపను తీసుకొచ్చి ఎండని తొట్టెలో పెట్టినప్పుడు అవన్నీ ఒక్కసారిగా బయటికొస్తాయి. మనం చూసే ముసలితనం అదే. చావమని ఎవరూ రాసిపెట్టలేదు. ఆ వయసులో జరిగే నష్టాన్ని సరిదిద్దే అవకాశమే పరిణామానికి దొరకలేదు.

1957లో అమెరికాకు చెందిన జార్జ్ విలియమ్స్ దీనికి ఇంకో ముక్క కలిపాడు. కొన్ని జన్యువులు వయసులో ఉండగా మేలు చేసి తర్వాత కీడు చేస్తాయి, మేలు ముందొస్తుంది కాబట్టి అవి నెగ్గుతాయి అని. కిల్లీఫిష్ పెరిగే వేగం చూస్తే ఇదీ నిజమే అనిపిస్తుంది. 2018లో మార్టిన్ రైకార్డ్ నాయకత్వంలోని చెక్ పరిశోధకులు మొజాంబిక్ గుంటల్లో చూసినదాని ప్రకారం, గుడ్డులోంచి బయటపడ్డ రెండు వారాలకే ఇవి గుడ్లు పెట్టే దశకు వస్తున్నాయి. వెన్నెముక ఉన్న ప్రాణుల్లో ఇంత త్వరగా ఎదిగినది మరొకటి తెలియదు. ఐదారు మిల్లీమీటర్ల పిల్ల పద్నాలుగు రోజుల్లో తల్లి అయిపోవాలంటే ఒంట్లో ఉన్నదంతా ఆ పనికే పోయాలి, మరమ్మతులకు మిగిలేది చాలా తక్కువ.

మాట వరసకు చెప్పడం వేరు, రుజువు వేరు కదా. అదే బృందం 2017లో నాలుగు జాతుల కిల్లీఫిష్‌లను తీసుకుని, ఒక్కో జాతిలో వానలు తక్కువున్న ప్రాంతపు చేపల్నీ తడి ఎక్కువున్న ప్రాంతపు చేపల్నీ ఒకే రకం తొట్టెల్లో పెంచి చూసింది. ఎండు ప్రాంతాలవి త్వరగా ముసలివయ్యాయి, తడి ప్రాంతాలవి ఎక్కువ బతికాయి. అంటే తాతముత్తాతల గుంటలు ఎన్నాళ్లు నిండి ఉండేవో ఆ లెక్క మనవల ఒంట్లో ఉంది. ఇదంతా చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. ఆ తర్వాత 2019లో డారియో వాలెంజానో బృందం 45 కిల్లీఫిష్ జాతుల జన్యు సమాచారాన్ని పోల్చి, ఎండే గుంటల్లో ఉండే జాతుల్లో కొంచెం కొంచెం హాని చేసే మ్యుటేషన్లు (జన్యువుల్లో వచ్చే మార్పులు) ఎక్కువగా పోగుపడ్డాయని చూపింది. మెడావర్ కాగితం మీద ఊహించినది డెబ్భై ఏళ్లకు దగ్గరలో చేపల డీఎన్ఏలో కనబడింది.

అయితే ప్రతి చేపా ఈ లెక్కకు లొంగదు, ఆ మాట కూడా చెప్పాలి. ట్రినిడాడ్ దీవి ఏటిపాయల్లోని గప్పీలు అనే చిన్న చేపల మీద అమెరికా జీవశాస్త్రవేత్త డేవిడ్ రెజ్నిక్ చేసిన పని చూడండి. వేటాడే చేపలు ఎక్కువున్న నీళ్లలో గప్పీలు త్వరగా చస్తాయి కాబట్టి అక్కడివి త్వరగా ముసలివి కావాలి. 2004లో వచ్చిన ఫలితం దీనికి తలకిందులుగా ఉంది. ల్యాబులో పెంచితే వేటాడే చేపలున్న చోటి గప్పీలే ఎక్కువకాలం బతికాయి, ఎక్కువకాలం పిల్లల్ని కన్నాయి. ఈత వేగం మాత్రం వయసుతో వాటికే ఎక్కువ తగ్గింది. ఒంట్లో అన్నీ ఒకే వేగంతో ముసలివి కావన్నమాట. ఎవరు ఎవర్ని తింటున్నారు, మిగిలినవాటికి తిండి ఎంత దొరుకుతోంది అన్నది కూడా లెక్కలోకి వస్తుంది.

ప్రపంచంలో అతి తక్కువ కాలం బతికే చేప ఇదేనా?
– తొమ్మిదో తరగతి విద్యార్థి, నల్గొండ

కాదు బాబూ. ఆస్ట్రేలియా దగ్గర గ్రేట్ బారియర్ రీఫ్‌లో ఎవియోటా సిగిల్లాటా అనే చిన్న గోబీ చేప ఉంది. దానికి దొరికిన గరిష్ఠ వయసు 59 రోజులు. అందులో మొదటి మూడు వారాలు సముద్రంలో ఈదులాడే పసికూనగా, ఒకటి రెండు వారాలు రీఫ్ మీద ఎదుగుతూ, మిగిలిన మూడున్నర వారాలు పెద్ద చేపగా గడుపుతుంది. ఇన్ని రోజులని ఎలా తెలుసుకున్నారంటే, చేపల చెవిలో సన్నటి రాయి లాంటి ఎముక ఒకటుంటుంది, దాని మీద రోజుకో పొర పడుతుంది. సూక్ష్మదర్శిని కింద ఆ పొరలు లెక్కపెట్టారు. ఇటు చివర ఈ గోబీ అయితే, అటు చివర గ్రీన్‌లాండ్ షార్క్ ఉంది. అది తక్కువలో తక్కువ 272 ఏళ్లు బతుకుతుందని 2016లో తేల్చారు.

మాది అనంతపురం జిల్లా. మా ఊరి కుంట మే నెలకు నెర్రెలు విడుస్తుంది. మళ్లీ వాన పడితే పది పదిహేను రోజుల్లో చేపపిల్లలు కనబడతాయి. మావీ మీరు రాసిన చేప లాగా ఎండిన మట్టిలో గుడ్లు పెట్టినవేనా?
– రైతు

అన్నా, మీ కుంటలో జరిగేది వేరు. కొర్రమీను, మట్టగిడస లాంటివి గాలి పీల్చుకోగలవు, తేమ ఉన్న బురదలో కూరుకుని కొంతకాలం ఓర్చుకోగలవు, వాన రాత్రుల్లో తడి నేల మీద పాకి ఇంకో నీటికి పోతాయి. మిగతావి వాగు పొంగినప్పుడు, పై చెరువు అలుగు పారినప్పుడు నీళ్లతోపాటు కొట్టుకొస్తాయి.

కిల్లీఫిష్‌ది ఇంకో దారి. తల్లీ తండ్రీ ఎలాగూ పోతాయి, ఎండాకాలం దాటేది గుడ్డే. నేల విషయంలో మాత్రం మీకూ దానికీ చుట్టరికం ఉంది. ఆ గుంటల అడుగున ఉండేది మన నల్లరేగడి తరహా బంకమట్టే. తడిస్తే ఉబ్బి, ఎండితే నెర్రెలిచ్చే ఆ నేలలోనే గుడ్లు నెలల తరబడి పదిలంగా ఉంటాయి.

గుడ్డు లోపలి పిండం తన ఎదుగుదలను ఆపేసుకుంటుంది. దీన్ని డయాపాజ్ అంటారు. మొత్తం మూడు మజిలీలున్నాయి. మొదటిది పిండం ఇంకా చెదురుమదురు కణాలుగా ఉన్నప్పుడు, మూడోది పిల్ల తయారై బయటికి రావడమే తరువాయి అన్నప్పుడు. అసలు విశేషం రెండోదానిలో. అప్పటికి మెదడు, గుండె రూపం కడుతుంటాయి, అక్కడ పని దాదాపు నిలిచిపోతుంది. అలా నెలలు, ఒక్కోసారి ఏళ్లు ఉండగలదు. పెద్దయ్యాక బతికేది మూణ్నాలుగు నెలలు, పుట్టకముందు మట్టిలో గడిపేది అంతకు ఎన్నో రెట్లు! స్టాన్‌ఫోర్డ్‌లో ఆన్ బ్రూనెట్ బృందం 2020లో ఇచ్చిన ఫలితం నాకు మరీ నచ్చింది. డయాపాజ్‌లో చాలాకాలం ఉండి పుట్టిన చేపకూ, అసలు ఆగకుండా పుట్టిన చేపకూ పెరుగుదలలో, ఆయుష్షులో, సంతానంలో తేడా కనబడలేదు. ఆగి ఉన్న కాలం వయసులో కలవలేదు. అప్పుడు నిద్రపోతున్నట్టు కనబడినా కొన్ని జన్యువులు గట్టిగా పనిచేస్తూనే ఉన్నాయి, కండరాలు కరిగిపోకుండా కాపాడే సీబీఎక్స్7 అనే జన్యువు వాటిలో ఒకటి.

ఇంకోటి మీకు బాగా అర్థమయ్యే విషయం. తొలకరి పడగానే ఉన్న విత్తనమంతా మీరు ఒకేసారి చల్లేయరు కదా, ఆ వాన మోసం చేస్తే మళ్లీ చల్లడానికి కొంత దాచుకుంటారు. ఒకే తల్లి గుడ్లలో కూడా కొన్ని మొదటి వానకు పగులుతాయి, కొన్ని పగలవు. గుంట నిండి వారంలోనే ఎండిపోతే ముందు పుట్టినవి దండగవుతాయి గానీ మిగిలిన గుడ్లు తర్వాతి వాన కోసం మట్టిలోనే ఉంటాయి.

మా ఇంట్లో ఫైటర్ చేపలు రెండేళ్లకే పోతున్నాయి. విజయవాడ ఎండలకు తొట్టెలో నీళ్లు వేడెక్కడమే కారణమా? చల్లగా ఉంచితే ఎక్కువ బతుకుతాయా?
– గృహిణి, విజయవాడ

ఫైటర్ చేపకు రెండు మూడేళ్లు మామూలు ఆయుష్షే అమ్మా, మీరు కొనేనాటికే దానికి కొన్ని నెలలు నిండి ఉంటాయి. కాబట్టి మీ తప్పేదో ఉందని బాధపడకండి.

మీ అనుమానంలో మాత్రం నిజముంది. చేప ఒంటి వేడి నీళ్ల వేడిని బట్టే ఉంటుంది, నీళ్లు వేడెక్కితే ఒంట్లో అన్ని పనులూ వేగంగా సాగుతాయి. అమెరికాలో రాయ్ వాల్ఫోర్డ్, లియు కలిసి 1966లోనే దక్షిణ అమెరికా గుంటల్లో ఉండే సైనోలెబియస్ అనే ఏడాది చేపను (కిల్లీఫిష్ లాగే ఎండాకాలాన్ని గుడ్డుగా దాటే రకం) చల్లటి నీళ్లలో పెంచి చూశారు. ఎక్కువకాలం బతికింది, పైగా పెద్దగా కూడా పెరిగింది. టర్కాయిస్ కిల్లీఫిష్‌ను 25 డిగ్రీలకు బదులు 22 డిగ్రీల్లో పెంచినా ఆయుష్షు పెరిగింది, ముసలితనపు గుర్తులు ఆలస్యంగా వచ్చాయి.

దాన్ని చదివి మీ తొట్టెలో ఐసు ముక్కలు మాత్రం వేయకండి. ఫైటర్ థాయ్‌లాండ్ వైపు వెచ్చటి నీళ్ల చేప. చల్లటి నీళ్లలో దానికి తిండి అరగదు, జబ్బులు అంటుకుంటాయి. పగలు 34, రాత్రి 26 అన్నట్టు వేడి ఊగిసలాడటం అన్నిటికంటే చెడ్డది. తొట్టెను కిటికీ ఎండ నుంచి తీసి నీడకు మార్చండి, నీళ్లు కొంచెం కొంచెంగా మారుస్తూ ఉండండి, తిండి తగ్గించండి. చాలా ఇళ్లలో ఈ చేపలు పోయేది ఎక్కువ తిండికి, ఆ తిండి కుళ్లిన నీళ్లకే.

మా నాన్నగారికి 68 ఏళ్లు. రెస్వెరట్రాల్ మాత్రలు వేసుకుంటే ఆయుష్షు పెరుగుతుందని, చేపల మీద రుజువైందని ఎవరో పంపిన మెసేజ్ చూసి నన్ను తెప్పించమంటున్నారు. అసలు చేపకూ మనిషికీ పోలిక ఏంటి?
– న్యూజెర్సీ నుంచి ఒక పాఠకుడు

మెసేజ్‌లో సగం నిజం. 2006లో వాలెంజానో, చెల్లెరినో తదితరులు టర్కాయిస్ కిల్లీఫిష్‌కు తిండిలో రెస్వెరట్రాల్ (ద్రాక్ష తొక్కల్లో ఉండే పదార్థం) కలిపి పెట్టారు. ఎక్కువ మోతాదు తిన్నవాటి సగటు ఆయుష్షు సగానికి పైగా పెరిగింది, ముసలి వయసులో ఈత, నేర్చుకునే శక్తి కూడా బాగా నిలిచాయి. అప్పట్లో ఇది పెద్ద వార్త.

మిగతా సగం మెసేజ్‌లో ఉండదు. అమెరికాలో ఇలాంటి మందుల్ని మూడు ల్యాబుల్లో ఒకేసారి ఎలుకల మీద పరీక్షించే కార్యక్రమం ఒకటుంది. మామూలు తిండి తింటున్న ఎలుకలకు రెస్వెరట్రాల్ ఇస్తే ఆయుష్షు పెరగలేదని 2011లో అది తేల్చింది. మనుషుల్లో ఆయుష్షు పెరిగిందనే రుజువు లేదు. మీ నాన్నగారు రక్తం పలచబడే మందులు వాడుతుంటే ఈ మాత్రలతో ఇబ్బంది రావచ్చు కూడా, డాక్టరును అడక్కుండా తెప్పించకండి. నన్నడిగితే ఆ డబ్బుతో మంచి నడక బూట్లు కొనివ్వండి.

మరి ఈ చేపతో లాభమేంటి అంటారా? ముసలితనం మీద ఏ ప్రయోగం చేయాలన్నా ప్రాణి ముసలిదయ్యేదాకా ఆగాలి. నులిపురుగు రెండు మూడు వారాల్లో, పండ్ల ఈగ రెండు మూడు నెలల్లో ముసలివవుతాయి గానీ వాటికి వెన్నెముక లేదు, మన తరహా రోగనిరోధక వ్యవస్థ లేదు. ఎలుకకు అవన్నీ ఉన్నాయి గానీ రెండున్నర మూడేళ్లు పడుతుంది. మన గంగా పరీవాహక ప్రాంతంలోనే పుట్టి, హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధన సంస్థతో సహా ప్రపంచమంతా ల్యాబుల్లో ఉన్న జీబ్రాఫిష్‌కు కూడా అంతే. ఈ రెండిటి మధ్యలో ఖాళీ ఉండేది, అక్కడ కిల్లీఫిష్ సరిపోయింది. 2015లో జర్మనీ యేనాలోని బృందం, స్టాన్‌ఫోర్డ్ బృందం విడివిడిగా దీని జీనోమ్ (జన్యు సమాచారం) మొత్తం చదివి బయటపెట్టాయి. ఇప్పుడు క్రిస్పర్ అనే జన్యువుల్ని కత్తిరించే పద్ధతితో ఏ జన్యువునైనా మార్చి, దాని ఫలితం ముసలితనంలో ఎలా ఉంటుందో కొన్ని నెలల్లోనే చూడొచ్చు.

ఒక్క ఉదాహరణ. 2017లో జర్మనీ కొలోన్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థలో వాలెంజానో బృందం, నడివయసు చేపల పేగుల్లోని బ్యాక్టీరియాను యాంటీబయాటిక్‌తో తీసేసి, కుర్ర చేపల పేగుల్లోని బ్యాక్టీరియాను ఎక్కించింది. అవి మిగతావాటికంటే ఎక్కువ బతికాయి, వయసు మీద పడ్డాక కూడా చురుగ్గా తిరిగాయి. యాంటీబయాటిక్ మాత్రమే ఇచ్చి వదిలేసినవాటికి అంత లాభం రాలేదు. మనిషికి ఇది వర్తిస్తుందా అన్నది వేరే పని, దానికి మనుషుల మీదే ఓపిగ్గా పరీక్షలు జరగాలి. కానీ పేగులకూ ముసలితనానికీ లంకె ఉందా అని ఒక ఎలుక జీవితకాలం ఆగకుండా అడగగలిగింది ఈ చేప వల్లనే.

ఎండిపోయే గుంటల్లోనే బతుకుతుంది, గుడ్లు పోస్టులో కూడా వస్తాయంటున్నారు. మా ఊరి వాన గుంటల్లో వేస్తే దోమ పిల్లల్ని తినేస్తుంది కదా?
– పంచాయతీ వార్డు మెంబరు, తూర్పు గోదావరి జిల్లా

గుడ్లు కొబ్బరి పీచులో కట్టి పోస్టులో పంపుకోవడం పెంపకందార్లలో ఉన్న అలవాటే. మీ ఆలోచన వెనక ఉద్దేశం మంచిదే, అయినా దయచేసి ఆ పని చేయకండి. దోమల కోసమని 1920ల చివర్లో గంబూసియా అనే బయటి చేపను మన దేశానికి తెచ్చారు. అది దోమ పిల్లలతోపాటు మన చిన్న చేపల గుడ్లనూ పిల్లల్నీ కూడా తింటుంది, ఒకసారి కాలువలో పడ్డాక వెనక్కి తీయడం ఎవరి వల్లా కాలేదు. మట్టిలో ఏళ్ల తరబడి గుడ్డుగా దాక్కునే చేపను వదిలితే దాన్ని తీయడం ఇంకెంత కష్టమో మీరే చూడండి.

పైగా మీకు బయటి చేప అక్కర్లేదు. గోదావరి కాలువల్లో, వరి చేల పక్క బోదెల్లో నీటి పైపైనే తిరుగుతూ, నడినెత్తిన వెండి చుక్క మెరిసే వేలెడంత చేపను మీరు చూసే ఉంటారు. దాని పేరు అప్లోకైలస్ పాంకాక్స్, ఆఫ్రికా కిల్లీఫిష్‌కు దూరపు చుట్టం. ఏడాది చేప కాదు, ఎండిన మట్టిలో గుడ్డుగా ఉండలేదు, కానీ దోమ పిల్లల్ని బాగా తింటుంది. నీళ్లు నిలిచే గుంటల్లో అది ఉందో లేదో ముందు చూడండి. ఉంటే అక్కడ పురుగుమందు డబ్బాలు కడగకుండా, ఆయిల్ పోయకుండా చూడండి. లేకపోతే పక్క కాలువ నుంచే పట్టి తెచ్చి వేయొచ్చు. ఆ పని మొదలుపెట్టేముందు మీ మండల మత్స్యశాఖ అధికారితో ఒక మాట చెప్పండి.